నలభై మంది ఆటకు వెయ్యి కోడెలు చాలలేదు

వేములవాడ రాజన్న గుడికి ఒక్కసారి వచ్చినవాళ్లకైనా కోడె మొక్కు గురించి చెప్పాల్సిన పని లేదు. రానివాళ్ల కోసం రెండు ముక్కలు. మొక్కు ఉన్నవాళ్లు టికెట్ తీసుకుంటారు. కోడె తాడు చేతికిస్తారు. దాన్ని పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, తెచ్చి కట్టేస్తే మొక్కు తీరినట్టు. కాసేపటికి అదే కోడె ఇంకో కుటుంబం వెంట నడుస్తుంటుంది. వచ్చే జనానికి లెక్క ఉండదు, కోడెలకు మాత్రం ఉంటుంది. అయినా రోజంతా పని నడుస్తుందంటే కారణం ఒక్కటే: తీసుకెళ్లినవాళ్లు తెచ్చి కడతారు.

ఈ వారం చెప్పబోయేది సర్వర్ల గురించి. కానీ ఈ కోడెల సంగతి బుర్రలో పెట్టుకోండి, చాలాసార్లు అక్కరకొస్తుంది.

లినక్స్‌లో ఒక ప్రోగ్రాం ఫైల్ తెరిచినా, నెట్‌లో ఎవరితోనైనా మాట్లాడాలన్నా సిస్టమ్ దానికి ఒక నంబరు ఇస్తుంది. దాన్నే ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. పేరు చూసి భయపడకండి, అది ఉత్త అంకె. 0, 1, 2 ముందే పోతాయి: కీబోర్డు నుంచి వచ్చేది, తెర మీదకు వెళ్లేది, తప్పుల సందేశాలకు ఒకటి. ఆ తర్వాత అడిగిన ప్రతిదానికీ ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న నంబరు ఇస్తుంది. పని అయ్యాక ప్రోగ్రాం 'క్లోజ్' అంటే ఆ నంబరు మళ్లీ ఖాళీ అవుతుంది. అనకపోతే? కోడె ఎవరి చేతిలోనో ఉన్నట్టే లెక్క.

ఒక ప్రోగ్రాంకు ఇన్ని నంబర్లే అని లిమిట్ కూడా ఉంటుంది. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో అది 20. ఇప్పటి లినక్స్‌లో మామూలుగా 1024. టెర్మినల్‌లో 'యులిమిట్ మైనస్ ఎన్' అని కొడితే కనిపిస్తుంది. ఫోన్‌లో టర్మక్స్ యాప్ ఉన్నవాళ్లు ఇప్పుడే కొట్టి చూడొచ్చు. ఫోన్‌ను బట్టి అంకె మారుతుంది.

1024 అంటే చాలా ఎక్కువే కదా అనిపిస్తుంది. పోయిన శివరాత్రి దాకా మా చిన్నమ్మ కొడుకూ అట్లనే అనుకున్నాడు.

వాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మినీ ప్రాజెక్ట్ కోసం తెలుగులో ఒక టెక్స్ట్ గేమ్ రాశాడు. వీటిని మడ్ అంటారు. తెర మీద బొమ్మలుండవు, అంతా అక్షరాలే. 'ఉత్తరం' అని టైప్ చేస్తే మీరు ఉత్తరానికి నడుస్తారు, అక్కడ ఇంకో ఊళ్లో కూర్చుని ఆడుతున్న మనిషి ఎదురుపడతాడు. వీటికి మూలం 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో ఉంది. రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెడితే రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకెళ్లాడు. మీరు ఇప్పుడు ఫోన్లో ఆడే పెద్ద పెద్ద ఆన్‌లైన్ గేమ్‌లన్నీ ఒక రకంగా వీటి మనవళ్లే. డేటా దాదాపు ఖర్చు కాదు. పాత ఫోన్లో కూడా నడుస్తుంది. మావాడి క్లాస్‌మేట్లకు నచ్చింది కూడా అదే.

శివరాత్రి జాతరకు వేములవాడకు లక్షల మంది వస్తారు. రాత్రంతా జాగారం. గుడి దగ్గర ఉన్నవాళ్లు, ఇళ్లల్లో మేలుకున్నవాళ్లు, సిరిసిల్లలో కొందరు, కరీంనగర్‌లో కొందరు, అందరూ కలిసి గేమ్‌లోకి దిగారు. సుమారు నలభై మంది. రాత్రి ఒంటిగంట దాటాక వాడి నుంచి ఫోన్.

"అక్కా, కొత్తోళ్లు ఎవ్వరూ లోపలికి వస్తలేరు. సర్వర్ బంద్ గాలే, కని సీపీయూ వంద మీద ఉంది."

"లోపలున్నోళ్లు ఆడుతున్నరా?"

"ఆ, మంచిగనే ఆడుతున్నరు. ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే అయిపోతది గదా?"

ఆగమన్నాను. ముందు లాగ్ ఫైల్ చూసి చెప్పమన్నాను. అందులో ఒకే లైన్ వందలసార్లు ఉంది: ఈఎమ్‌ఫైల్, టూ మెనీ ఓపెన్ ఫైల్స్. ప్రాక్ ఫోల్డర్లో ఆ ప్రోగ్రాం తెరిచి పెట్టుకున్న నంబర్లు లెక్కపెట్టమంటే 1024 అన్నాడు. అంటే నిండిపోయింది. ఆడేది నలభై మంది, చేతుల్లో వెయ్యి కోడెలు.

ఎట్లా? జాతర రోజు మా ఊళ్లో సిగ్నల్ ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. అంత జనం, అన్ని ఫోన్లు, అవే టవర్లు. నెట్ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఇంటి వైఫై నుంచి బయటికి అడుగు పెడితే ఫోన్ మొబైల్ డేటాకు మారుతుంది, దాంతో ఐపీ అడ్రస్ మారిపోతుంది. పాత కనెక్షన్ అక్కడే చచ్చిపోయింది. కానీ ఆ సంగతి సర్వర్‌కు చెప్పేవాళ్లు లేరు. యాప్ మూసి వెళ్తే ఫోన్ "వెళ్తున్నా" అని ఒక ప్యాకెట్ పంపుతుంది. సిగ్నల్ పోయినప్పుడు ఆ ప్యాకెట్ పంపేది కూడా సిగ్నల్ మీదే కదా!

మావాడి యాప్ మాత్రం బాగా హుషారు. కనెక్షన్ పోతే ఐదు సెకన్లలో మళ్లీ కలుపుతుంది. మళ్లీ కలిసినప్పుడు సర్వర్ ఆ ఆటగాడి పాత్రను కొత్త కనెక్షన్‌కు తగిలిస్తుంది. ఆడేవాడికి తేడా తెలియదు. పాత కనెక్షన్ నంబరు మాత్రం అట్లనే మిగిలిపోయింది. కోడెను గుడి వెనక వదిలేసి, మళ్లీ కౌంటర్‌కు వచ్చి ఇంకో కోడె తీసుకున్నట్టు. మనిషికి పాతికసార్లు అట్లా జరిగితే చాలు, నలభై పాతికల వెయ్యి.

ఎప్పటికైనా సిస్టమే గుర్తుపట్టదా అని అడగొచ్చు. సర్వర్ ఆ పాత కనెక్షన్‌కు ఏదైనా పంపి ఉంటే, జవాబు రాక కొన్ని నిమిషాలకు తెలిసేది. మాటలన్నీ కొత్తదానికే పోతున్నాయి కాబట్టి పాతదానికి ఎవరూ ఏమీ పంపడం లేదు. టీసీపీలో కీప్‌అలైవ్ అని ఒక ఏర్పాటుంది, అవతలి మనిషి ఉన్నాడా లేడా అని అప్పుడప్పుడు తట్టి చూస్తుంది. లినక్స్‌లో మొదటిసారి తట్టేది 7200 సెకన్ల తర్వాత, అంటే రెండు గంటలకు. జవాబు రాకపోతే 75 సెకన్లకొకసారి చొప్పున 9 సార్లు. మొత్తం 2 గంటల 11 నిమిషాలు. అది కూడా ప్రోగ్రాం రాసినవాడు ఆన్ చేస్తేనే. మావాడు చేయలేదు.

సీపీయూ వంద ఎందుకైందో కూడా చెప్పాలి. కొత్త మనిషి తలుపు కొట్టాడు. సిస్టమ్ సర్వర్‌తో "ఎవరో వచ్చారు, తీసుకో" అంటుంది. సర్వర్ తీసుకోబోతే ఇవ్వడానికి నంబరు లేదు, ఈఎమ్‌ఫైల్. ఆ మనిషి ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు కాబట్టి సిస్టమ్ మళ్లీ "ఎవరో వచ్చారు" అంటుంది. సెకనుకు వేలసార్లు ఇదే గొడవ.

ఇంతవరకు జరిగింది చికాకు మాత్రమే. రీస్టార్ట్ వద్దని నేనన్నది వేరే కారణానికి.

ఆటగాడు సంపాదించినదంతా, అంటే డబ్బు, ఆయుధాలు, లెవెల్, ఐదు నిమిషాలకోసారి డిస్క్ మీద సేవ్ అయ్యేలా రాశాడు. సేవ్ చేయాలంటే ఫైల్ తెరవాలి. ఫైల్ తెరవాలంటే నంబరు కావాలి. నంబర్లు లేవు. లాగ్ చూస్తే పదకొండున్నర నుంచి ఒక్క సేవ్ కూడా పడలేదు. గేమ్ మాత్రం ప్రతిసారి తెర మీద "మీ ఆట భద్రపరచబడింది" అని చెప్తూనే ఉంది, ఎందుకంటే ఫైల్ తెరుచుకుందా లేదా అని చూడకుండా ఆ వాక్యం ప్రింట్ చేసే లైన్ రాసి ఉంది. లోపల ఆడుతున్నవాళ్ల గంటన్నర కష్టం అంతా మెమరీలోనే ఉంది. రీస్టార్ట్ కొడితే అది గాల్లో కలుస్తుంది. నా దృష్టిలో ఆ రాత్రి అన్నిటికన్నా పెద్ద తప్పు ఆ వాక్యమే. సర్వర్ నిండిపోవడం ఎవరికైనా జరుగుతుంది. సేవ్ కానిదాన్ని సేవ్ అయిందని చెప్పడం అట్లా కాదు, లోపలివాళ్లు దాన్ని నమ్మే ఆడుతున్నారు.

"లిమిట్ పెంచుతె? నెట్‌ల అందరు అదే అంటున్నరు."

నడుస్తున్న ప్రోగ్రాంకు కూడా లిమిట్ పెంచవచ్చు, పీఆర్‌లిమిట్ అనే కమాండ్ ఉంది. కానీ వాడి కోడ్ 'సెలెక్ట్' మీద నడుస్తోంది. ఏ కనెక్షన్‌లో మాట వచ్చిందో చూడడానికి వాడే పాత పద్ధతి అది. ఒక పట్టికలో నంబరుకొక గడి చొప్పున టిక్ పెడుతుంది. ఆ పట్టికలో గడులు 1024 మాత్రమే, 0 నుంచి 1023 వరకు. 1024వ నంబరుతో కనెక్షన్ వస్తే టిక్ పట్టిక దాటి పక్కనున్న మెమరీ మీద పడుతుంది. కొన్నిసార్లు ప్రోగ్రాం వెంటనే చచ్చిపోతుంది, అది అదృష్టం. కొన్నిసార్లు చావకుండా, ఎవరి బంగారమో ఎవరి ఖాతాలోనో కలిసిపోయినట్టు పిచ్చి పిచ్చిగా నడుస్తుంది. 2018 చివర్లో సిస్టమ్‌డీ 240 వెర్షన్ వచ్చినప్పుడు గట్టి లిమిట్‌ను ఐదు లక్షల పైకి, కచ్చితంగా చెప్పాలంటే 524288కి పెంచారు. మామూలు లిమిట్‌ను మాత్రం 1024 దగ్గరే ఉంచారు. సెలెక్ట్ వాడే పాత ప్రోగ్రాంలు దెబ్బతింటాయనే. నెట్‌లో "పెంచెయ్ బ్రో" అనేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

కాబట్టి చేయాల్సింది పెంచడం కాదు, వదిలేసిన కోడెలను పట్టుకొచ్చి కట్టడం. మొదట ఫైర్‌వాల్‌లో గేమ్ పోర్టును కొత్తవాళ్లకు మూయించాను. లేకపోతే ఒక నంబరు ఖాళీ కాగానే బయట నిలబడ్డ ఫోన్ దాన్ని ఎత్తుకుపోతుంది, సేవ్‌కు దొరకదు. తర్వాత 'ఎస్ఎస్' అనే టూల్. అది ప్రతి కనెక్షన్‌లో చివరిసారి మాట వచ్చి ఎంతసేపైందో చూపిస్తుంది. నలభై కనెక్షన్లలో సెకన్లు, మిగతావాటిలో అరగంట, గంట, రెండు గంటలు. బతికినవేవో చచ్చినవేవో చూడగానే తెలిసిపోయింది. అదే టూల్‌కు పెద్ద 'కే' తగిలిస్తే, కెర్నెల్‌లో ఆ సౌకర్యం ఉంటే, బయటి నుంచే కనెక్షన్‌ను తెంపుతుంది. సర్వర్‌కు ఎర్రర్ వస్తుంది, ఎర్రర్ వస్తే క్లోజ్ చేసే కోడ్ వాడి దగ్గర ముందే ఉంది. ముందు పదింటిని తెంపి చూశాం, తర్వాత వందలు. లెక్క మూడంకెలకు, రెండంకెలకు దిగింది. సీపీయూ చల్లబడింది. ఇంకో నాలుగు నిమిషాలకు ఆటో సేవ్ పడింది. ఈసారి నిజంగా పడింది, ఫైళ్ల మీద టైమ్ చూసి మరీ నిర్ధారించుకున్నాం. అప్పుడు చెప్పాను, ఇక రీస్టార్ట్ కొట్టుకో అని.

తెల్లారి కోడ్ బాగుచేసేటప్పుడు వాడి ముందు సర్కిల్‌మడ్ తెరిచి పెట్టాను. కోపెన్‌హేగెన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విభాగం పేరే డైకూ. అక్కడి విద్యార్థులు 1990ల మొదట్లో డైకూమడ్ అనే గేమ్ రాశారు. దాని నుంచి అమెరికాలో జెరెమీ ఎల్సన్ 1993లో తీసుకొచ్చిందే సర్కిల్‌మడ్. కోడ్ ఇప్పటికీ దొరుకుతుంది. సీ నేర్చుకునేవాళ్లు ఎవరైనా సరే, ఒక ఆదివారం కూర్చుని అందులో కామ్ డాట్ సీ అనే ఫైల్ చదవండి. ఆ రోజుల్లో సన్ఓఎస్ లాంటి సిస్టమ్‌లలో మామూలు లిమిట్ 64. కరువులో పెరిగినవాళ్ల వంటిల్లులా ఉంటుంది ఆ కోడ్, ఒక్క గింజ వృథా పోదు.

సర్వర్ లేవగానే అది సిస్టమ్‌ను అడుగుతుంది: నాకు ఎన్ని నంబర్లు ఇస్తావు? అందులోంచి 8 పక్కకు తీసి పెట్టుకుంటుంది. మిగిలినవే ఆటగాళ్లకు. నా ల్యాప్‌టాప్‌లో లిమిట్ 64 పెట్టి నడిపితే లాగ్‌లో ఆటగాళ్ల లిమిట్ 56 అని రాసింది. ఎన్ని నంబర్లున్నా 300 మందికి మించి రానివ్వదు, ఆ అంకె ముందే రాసిపెట్టి ఉంటుంది. 57వ మనిషి వస్తే? ఆ దాచుకున్న ఎనిమిదిలో ఒకటి ఖర్చు పెట్టి అతన్ని లోపలికి పిలుస్తుంది, "క్షమించండి, ఇప్పుడు నిండుగా ఉంది, కాసేపయ్యాక రండి" అనే అర్థం వచ్చే ఒక లైన్ పంపుతుంది, వెంటనే క్లోజ్. లేదని చెప్పడానికి కూడా ఒక నంబరు కావాలి! మావాడి సర్వర్ దగ్గర అది కూడా లేదు. అందుకే బయటివాళ్ల ఫోన్లలో గుండ్రంగా తిరిగే చక్రం తప్ప ఇంకేమీ కనిపించలేదు. సేవ్ ఫైళ్లు తెరుచుకునేదీ ఆ ఎనిమిదిలోంచే. జాతరలో ఎంత రద్దీ ఉన్నా అంబులెన్స్ కోసం ఒక దారి వదిలిపెడతారు చూడండి, ఇదీ అంతే.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. అందులో పాత్ర వేరు, కనెక్షన్ వేరు. కనెక్షన్ తెగితే నంబరు వెంటనే వెనక్కి. మీ పాత్ర మాత్రం గేమ్‌లో నిలబడే ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్లకు ఇతని లింక్ తెగిందని కనిపిస్తుంది. పాత కనెక్షన్ తెగినట్టు సర్వర్‌కు ఇంకా తెలియకముందే మీరు మళ్లీ లాగిన్ అయితే? పాస్‌వర్డ్ సరిపోగానే అదే పేరుతో ఉన్న పాత కనెక్షన్‌ను వెతికి మూసేస్తుంది, ఆ తర్వాతే కొత్తదానికి పాత్రను అప్పగిస్తుంది. మొబైల్ డేటా అన్నమాటే లేని రోజుల్లో, టెలిఫోన్ లైన్ మీద మోడెమ్ పదే పదే కట్ అయ్యే కాలంలో రాసిన తర్కం ఇది. మన జాతర సిగ్నల్‌కు అచ్చంగా సరిపోయింది. మావాడి కోడ్‌లో ఇది పెట్టడానికి పట్టింది ఆరు లైన్లు.

ఊరికే కూర్చున్నవాళ్లకూ అందులో లెక్క ఉంది. గేమ్‌లో ఒక గంట అంటే మన 75 సెకన్లు. అట్లాంటివి 8 దాటితే, అంటే 10 నిమిషాలకు, మిమ్మల్ని ఒక శూన్యంలాంటి గదిలోకి పంపుతుంది. 48 దాటితే, అంటే సరిగ్గా గంటకు, సామాను భద్రపరిచి బయటికి పంపేస్తుంది. పేరూ పాస్‌వర్డూ చెప్పకుండా గుమ్మంలో నిలబడేవాళ్లకు అంత గౌరవం లేదు, 15 నుంచి 30 సెకన్లలో సెలవు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఏ పోర్టు తెరిచి పెట్టినా రాత్రింబవళ్లు బాట్లు తట్టి చూస్తుంటాయి కాబట్టి ఈ చివరిది మరీ అవసరం. కీప్‌అలైవ్ సమయాన్ని కూడా రెండు గంటల నుంచి ఒక్క నిమిషానికి తగ్గించాం. మొబైల్ కంపెనీల నెట్‌వర్క్‌లో కాసేపు మాట లేకపోతే మధ్యలోనే కనెక్షన్‌ను చెప్పాపెట్టకుండా మరిచిపోతుంటారు, తట్టి చూస్తుంటే ఆ బాధ కూడా తగ్గుతుంది.

ఇవన్నీ అయ్యాకే లిమిట్ సంగతికి వచ్చాం. సెలెక్ట్ తీసేసి ఈపోల్ పెట్టాడు. అది 2.6 కెర్నెల్ నుంచి లినక్స్‌లో ఉంది, దానికి 1024 గడుల పట్టిక గొడవ లేదు. లిమిట్ పెంచేటప్పుడు ఇంకో తిరకాసు: అందరూ చెప్పే లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో మార్చాడు, రీస్టార్ట్ చేశాడు, అంకె మారలేదు. ఆ ఫైల్ లాగిన్ అయి వచ్చే మనుషులకు పనిచేస్తుంది. సిస్టమ్‌డీ నడిపే సర్వీసుకు దాని సొంత ఫైల్‌లోనే 'లిమిట్ నో ఫైల్' అనే లైన్ రాయాలి. రాశాక కూడా నమ్మకండి. నడుస్తున్న ప్రోగ్రాం నంబరు పట్టుకుని, ప్రాక్ ఫోల్డర్లో దాని 'లిమిట్స్' ఫైల్ తెరిచి చూస్తే అసలు అంకె కనిపిస్తుంది.

వాడు 65536 పెడతానన్నాడు. నేను 4096 చాలన్నాను. నలభై మంది ఆడే గేమ్‌లో నంబర్లు మూడు వేలు దాటాయంటే ఎక్కడో క్లోజ్ మళ్లీ మిస్సయినట్టే. లిమిట్ పెద్దగా ఉంటే ఆ లీక్ నెలల తరబడి బయటపడదు. ఇక్కడ మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. మధ్యేమార్గంగా తెరిచి ఉన్న నంబర్ల సంఖ్య ఆటగాళ్ల సంఖ్యకు రెట్టింపు దాటితే వాడి ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాడు. పోయిన వారం ఒకటి వచ్చిందట. చూస్తే లాగ్ ఫైల్‌ను రోజూ మార్చే స్క్రిప్ట్ కొత్తది తెరుస్తోంది, పాతది మూయడం లేదు.